కోర్టూ, క్లాసురూమూ: మానసిక ఆరోగ్య చట్టంలో రెండూ కుదురుతాయా?

ప్రశ్న: విశాఖలో ఐదేళ్ల లా కోర్సు ఆఖరి ఏడాది చదువుతున్నాను. మా మేనమామ ఏళ్ల తరబడి స్కిజోఫ్రీనియాతో పడిన అవస్థ చూశాక, మానసిక ఆరోగ్య చట్టాల మీదే పని చేయాలనిపిస్తోంది. కోర్టుకు వెళ్తూనే లా కాలేజీలో పాఠాలు కూడా చెప్పాలని ఉంది. నాన్నగారేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటున్నారు. ఏం చేయను?

జవాబు: కుదురుతాయమ్మా. కాకపోతే ముందు కోర్టు, తర్వాత క్లాసు. ఆ వరస తప్పితేనే ఇబ్బంది.

మీ నాన్నగారి భయం ఉత్తది కాదు. జీతం మీద ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. లా పాఠాలకు మాత్రం 1979లోనే వెసులుబాటు ఇచ్చారు. యూనివర్సిటీ అనుబంధ కాలేజీలో రోజుకు మూడు గంటలు మించకుండా చెబితే, జీతం ఏ రూపంలో ఇచ్చినా దాన్ని పార్ట్‌టైమ్ కిందే లెక్కవేస్తారు. ఆ రూలు ప్రింటు తీసి నాన్నగారికి చూపించండి. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు సంగతి వేరు. యూనివర్సిటీల ప్రమాణాలు చూసే యూజీసీ లెక్కన వారానికి 16 గంటలు పాఠాలు చెప్పాలి, మొత్తం పని 40 గంటలకు తగ్గకూడదు. ఆ పోస్టులో చేరితే ప్రాక్టీసు పక్కన పెట్టాల్సిందే. అప్పుడు మీకు మిగిలే దారి కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్. అదీ మంచి పనే గానీ, మీ పేరు మీద వకాలత్ (క్లయింటు తరఫున వాదిస్తానని కోర్టుకిచ్చే పత్రం) వేయలేరు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ చదివారా? తన వైద్యం గురించి తాను నిర్ణయించుకునే సామర్థ్యం రోగికి ఉందా లేదా అన్నది అక్కడ తేలుతుంది. ఆ నిర్ణయం పక్కవాళ్లకు తప్పుగా కనిపించినంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదని అందులో స్పష్టంగా ఉంది. వినడానికి చిన్న మాటే. అదే మన ఇంట్లో మామయ్య ‘మందులు వేసుకోను’ అన్నప్పుడు మింగుడు పడదు. మీరు లాయరైతే, ఇష్టం లేకుండా ఆసుపత్రిలో చేర్చారని రోగి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు (ఈ చట్టం కింద ఇలాంటి ఫిర్యాదులు విచారించే బోర్డు) దరఖాస్తు పెట్టినప్పుడు ఆయన తరఫునే మాట్లాడాలి. ఏడు రోజుల్లో బోర్డు తేల్చాలి. మీకు ఫోన్ చేసేది, కొన్నిసార్లు ఫీజు ఇచ్చేది కూడా కుటుంబమే కావచ్చు. అయినా మీ క్లయింటు మంచం మీదున్న మనిషి. కుటుంబంలోంచి వచ్చిన మీలాంటివాళ్లకు ఇక్కడే కష్టం. ఈ పని చేయగలరో లేదో మీకు మీరే ముందు తేల్చుకోండి.

డబ్బు విషయం కూడా దాచను. ఒక్క రివ్యూ బోర్డు పనితో ఇల్లు గడవదు. మానసిక ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయసహాయం హక్కు కాబట్టి, వాళ్ల కేసులు ఎక్కువగా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ (ఉచిత కేసులు చూసే లాయర్ల జాబితా) ద్వారానే వస్తాయి, ఫీజు తక్కువ. తిండి పెట్టేవి సివిల్, ఫ్యామిలీ కేసులు. వీలునామా రాసేనాటికి ముసలాయన స్థిమితంగా ఉన్నాడా? మతిస్థిమితం లేదంటూ వేసిన విడాకుల పిటిషన్‌లో వైద్య రుజువు నిలుస్తుందా? కోమాలో ఉన్న భర్త బ్యాంకు ఖాతాను భార్య నడపాలంటే ఎక్కడికి వెళ్లాలి? 1987 నాటి పాత చట్టంలో ఆస్తి చూసేందుకు సంరక్షకుణ్ని నియమించే దారి ఉండేది. కొత్త చట్టంలో అది లేదు. అందుకే కోమా కేసుల్లో జనం హైకోర్టు తలుపు తడుతున్నారు. చట్టంలోని ఇలాంటి ఖాళీలు తెలిసిన లాయరు ఊరికొకరు కూడా ఉండరు.

కాబట్టి సనద్ (లాయరుగా నమోదైన పత్రం) తీసుకోగానే మంచి సివిల్ సీనియర్ దగ్గర మూడు నాలుగేళ్లు జూనియర్‌గా ఉండండి. ప్యానెల్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది, అది మీకున్న వీలు. పాఠాలు చెప్పాలంటే ఎల్‌ఎల్‌ఎం, అంటే లా పీజీ, తప్పదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీ, జాతీయ పరీక్ష క్లాట్ రాస్తే హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్ లాంటివి. నల్సార్‌లో వైకల్యాల మీద ప్రత్యేక అధ్యయన కేంద్రం ఉంది. నిర్ణయ సామర్థ్యం మీద ప్రపంచం చదివిన రచనలు చేసిన అమితా ధందా గారు అక్కడ పాఠాలు చెప్పినవారే. ఆ తర్వాత లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాసి, గెస్ట్ ఫ్యాకల్టీగా ఒక పేపరు తీసుకోండి. వయసు మళ్లాక, పదిహేనేళ్ల అనుభవంతో, వృత్తి నిపుణుల్ని పాఠాలకు తీసుకునే ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే దారి కూడా ఉంది గానీ, ఇప్పుడే దాని టెన్షన్ ఎందుకు?

క్లాసులో ఉదాహరణ కోసం మీ మామయ్య సంగతి చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఆయన ఒప్పుకోకుండా చెప్పకండి. క్లయింట్ల విషయమైతే పేరు తీసేసినా సరిపోదు. విశాఖలాంటి ఊళ్లో వీధి పేరు, ఉద్యోగం చెప్తే చాలు, మనిషెవరో వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకి తెలిసిపోతుంది.