సముద్రం కింది కేబుళ్లలో నాయిస్: ప్రాజెక్టుగా పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రంలోని ఫైబర్ కేబుళ్ల పర్యవేక్షణలో నాయిస్ (అసలు సిగ్నల్‌లో కలిసే అనవసరపు గోల) తగ్గించడం మీద ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తానంటోంది. విశాఖకు కేబుళ్లు వస్తున్నాయి కాబట్టి ఉద్యోగాలకు ఢోకా లేదంటోంది. ఆ టైమేదో ఏఐ కోర్సుకు పెడితే మేలని నా ఆలోచన. మీరేమంటారు? – ఒక తండ్రి

జవాబు: ప్రాజెక్టు చేయనివ్వండి. ఏఐ కోర్సు ఆర్నెల్లు ఆగినా నష్టం లేదు. విశాఖ మీద పెట్టుకున్న ఆశ మాత్రం కాస్త తగ్గించుకోమనండి. అక్కడ అంతర్జాతీయ సబ్‌సీ గేట్‌వే, అంటే సముద్రపు కేబుళ్లు దేశంలోకి వచ్చే ద్వారం, వస్తుందని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన మాట నిజమే. కానీ కేబుల్ ఒడ్డుకు చేరే ల్యాండింగ్ స్టేషన్ కొద్దిమందితోనే నడిచిపోతుంది. పని దొరికేది ఎక్కువగా ఆ కేబుల్ నుంచి వచ్చే డేటాను చదవగలిగినవాళ్లకి.

ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్లు దెబ్బతింటాయి. వీటిలో నాలుగింట మూడు వంతుల దాకా చేపల వలలు, ఓడల లంగర్ల పుణ్యమే. లంగరు ఈడ్చుకుంటూ వస్తున్న ఓడను ముందే పసిగట్టాలంటే కేబుల్‌నే చెవిగా మార్చాలి. దీన్ని డిస్ట్రిబ్యూటెడ్ అకూస్టిక్ సెన్సింగ్, పొట్టిగా డాస్ అంటారు. ఒడ్డున ఉండే ఇంటరాగేటర్ అనే పెట్టె ఫైబర్‌లోకి 1550 నానోమీటర్ల లేజర్ పల్స్ పంపుతుంది. గాజులోని అతి సన్నని అసమానతల వల్ల కొంత వెలుగు వెనక్కి వస్తుంది. కేబుల్ ఏ చోట కదిలితే ఆ చోటి నుంచి వచ్చే వెలుగు ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో చెప్పే కోణం) మారుతుంది.

దీని పరిమితులు మొదటి రోజే తెలియాలి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 100 కి.మీ. వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను. ముందు పల్స్ తిరిగి రాకుండా రెండోది పంపితే రెండూ కలిసిపోతాయి కాబట్టి సెకనుకు 1000 పల్సులే గరిష్ఠం. పైగా వెలుగు బలం కిలోమీటరుకు 0.2 డీబీ (డెసిబెల్) చొప్పున తగ్గుతుంది. 50 కి.మీ. వెళ్లి వచ్చేసరికి 20 డీబీ, అంటే నూరో వంతు మిగులుతుంది. దారిలో వెలుగుకు మళ్లీ బలం ఇచ్చే మొదటి రిపీటర్ దగ్గర ఐసోలేటర్ వెనక్కి వచ్చే వెలుగును ఆపేస్తుంది కాబట్టి మామూలు డాస్‌కి అంతకు మించి చూపు ఆనదు. వేల కిలోమీటర్ల కేబుల్ మొత్తాన్నీ డాస్‌తో వింటామని ప్రాజెక్టు ప్రతిపాదనలో రాస్తే ఎగ్జామినర్ మొదటి ప్రశ్న అక్కడే వేస్తాడు.

డేటాకు సముద్రం దాకా వెళ్లక్కర్లేదు. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో ఓషన్ అబ్జర్వేటరీస్ ఇనీషియేటివ్ వాళ్ల కేబుళ్ల మీద 2021 నవంబరులో చేసిన డాస్ రికార్డింగులు ఎవరైనా వాడుకోవచ్చు. అంతా దించుకుంటే హార్డ్ డిస్కులు చాలవు. 20 కి.మీ. ముక్క తీసుకుని, 10 మీటర్లకొక చానెల్ (కేబుల్ మీద కదలికను కొలిచే చోటు) ఉంచి, సెకనుకు 200 శాంపిళ్లు లెక్కేసుకుంటే నిమిషానికి 96 ఎంబీ. పది నిమిషాల డేటాతో మామూలు ల్యాప్‌టాప్ మీద ప్రాజెక్టు అయిపోతుంది. పైథాన్, అందులో లెక్కల లైబ్రరీ సైపై చాలు.

ముందు ఏ ఫిల్టరూ వేయకుండా బొమ్మ గీయాలి: దూరం అడ్డంగా, సమయం నిలువుగా కిందికి. అడ్డగీత కనిపిస్తే తప్పు ఒడ్డునున్న ఇంటరాగేటర్ పెట్టెది. లేజర్ ఫ్రీక్వెన్సీ చలించినా, ర్యాక్ పక్కన ఎవరైనా నడిచినా అన్ని చానెళ్లలో ఒకే క్షణాన పడుతుంది. నిలువుగీత ఆ ఒక్క చోటి గొడవ: కేబుల్ నేలకు ఆనకుండా వేలాడుతూ ప్రవాహానికి తీగలా మోగుతుండొచ్చు, లేదా వెనక్కి వచ్చే వెలుగు అక్కడ దాదాపు సున్నా అయి ఫేజ్ లెక్క తప్పుతుండొచ్చు. రెండోదాన్ని ఫేడింగ్ అంటారు. ఇది ఒక్కసారిగా 2π గెంతుల రూపంలో బయటపడుతుంది. ఓడలు, తిమింగలాలు, అలలు ఏటవాలు గీతలుగా వస్తాయి. నాయిస్ తగ్గించడమంటే సగం పని ఈ బొమ్మ చదవడమే.

తర్వాత వరస ముఖ్యం. చెడిన చానెళ్లను గుర్తించి పక్కన పెట్టాలి, గెంతులను మీడియన్ (వరసలో పెడితే నడిమి విలువ) ఫిల్టర్‌తో తీసేయాలి, ఆ తర్వాతే మిగతా ఫిల్టర్లు. గెంతు వల్ల పుట్టిన స్పైక్ ఉండగా బ్యాండ్‌పాస్ (కావలసిన ఫ్రీక్వెన్సీలనే ఉంచే ఫిల్టర్) వేస్తే ఆ ఒక్క స్పైక్ గంట మోగినట్టు అటూ ఇటూ పాకుతుంది. అడ్డగీతలకు మందు, ప్రతి క్షణంలోనూ అన్ని చానెళ్ల మీడియన్ కట్టి, దాన్ని ప్రతి చానెల్ నుంచీ తీసివేయడం. సగటు తీస్తే నాలుగు చెడ్డ చానెళ్లు మంచివాటిని కూడా పాడుచేస్తాయి.

ఇక్కడొక ఉచ్చు ఉంది. ఫిన్ తిమింగలం 20 హెర్ట్జ్ దగ్గర, సుమారు ఒక సెకను పాటు పిలుస్తుంది. ఆ పిలుపు కేబుల్‌లో తనకు దగ్గరి చోటికి ముందు చేరి, రెండు పక్కలకీ జారుతుంది. బొమ్మలో అది గొడుగులా ఉంటుంది. గొడుగు నెత్తి దాదాపు అడ్డగీతే. మీడియన్‌ను రెండు కిలోమీటర్ల ముక్కకే కడితే ఆ నెత్తి కూడా కొట్టుకుపోతుంది. 20 కి.మీ. మొత్తానికీ కట్టాలి.

ఆపైన ఎఫ్-కే ఫిల్టర్, అంటే కేబుల్ వెంట కదిలే వేగాన్ని బట్టి సిగ్నళ్లను వేరుచేసేది. నీటిలో శబ్దం సెకనుకు 1500 మీటర్లు పోతుంది. కేబుల్ వెంట చూస్తే ఆ వేగం అంతే ఉంటుంది, లేదా ఎక్కువగా కనిపిస్తుంది, తగ్గదు. ఒడ్డు దగ్గరి అలలు సెకనుకు పదుల మీటర్లే. కాబట్టి 1400 కంటే తక్కువ వేగాలను కోసేయొచ్చు. ఆ కోతను కత్తితో కోసినట్టు పెట్టకుండా అంచులను నెమ్మదిగా దించాలి. లేదంటే లేని గీతలు పుట్టుకొస్తాయి.

ప్రతి మెట్టు దగ్గరా మిగిలినదాన్నే కాదు, తీసేసినదాన్ని కూడా గీసి చూడాలి. చెత్తబుట్టలో గొడుగు కనిపిస్తే ఫిల్టర్ సరుకునే పారేసిందన్నమాట. చాలా రిపోర్టుల్లో ఈ బొమ్మే ఉండదు. ఇంకో పరీక్ష: తనే తయారుచేసిన సిగ్నల్‌ను అసలు నాయిస్‌లో కలిపి, ఎంత తిరిగి వచ్చిందో కొలవడం.

ఏఐ వద్దని కాదు. పక్క చానెళ్లను చూసి ఒక చానెల్‌ను ఊహించేలా నెట్‌వర్క్‌కు నేర్పితే, చానెల్‌కో రకంగా ఉండే నాయిస్ పోయి అందరికీ చెందిన సిగ్నల్ మిగులుతుంది. అయితే అడ్డగీత కూడా అందరికీ చెందినదే! దాన్ని ముందే తీయకపోతే నెట్‌వర్క్ శ్రద్ధగా కాపాడి పెడుతుంది.

ఉద్యోగాల సంగతి. 'డాస్ నాయిస్ ఇంజినీర్' అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. సిగ్నల్ ప్రాసెసింగ్, ఆప్టికల్ సిస్టమ్స్ అని వెతకాలి. మన దేశంలో ఇదే పద్ధతి నేల మీద ఎక్కువ నడుస్తోంది: చమురు పైప్‌లైన్ల వెంట ఎవరైనా తవ్వితే పట్టించే పీఐడీఎస్ (పైప్‌లైన్ ఇంట్రూజన్ డిటెక్షన్ సిస్టమ్) వ్యవస్థలు. అక్కడ ట్రాక్టరుకీ గునపానికీ తేడా చెప్పాలి, లెక్కలు ఇవే. తొలి ఉద్యోగానికి ఆ దారి దగ్గర. పరిశోధన వైపు మొగ్గితే గేట్ రాసి ఎంటెక్, తర్వాత హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), చెన్నైలోని ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ) ప్రాజెక్టు పోస్టుల మీద కన్నేసి ఉంచాలి.

ఈ నెలలో పది నిమిషాల డేటా దించి, ఫిల్టర్ వేయని బొమ్మ ఒకటి, మీడియన్ తీసేశాక చెత్తబుట్టలో పడినదాని బొమ్మ ఒకటి గీసుకుని గైడ్ దగ్గరికి వెళ్లమనండి. మీరూ ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టించుకుని, ఏ గీత ఏమిటో అడగండి. తడుముకోకుండా చెప్పిందంటే ఏఐ కోర్సు ఫీజు డబ్బులు ఒక బయటి హార్డ్ డిస్కుకు పెట్టండి.