నిప్పురవ్వ సరే, దూది ఎక్కడ?

చిరంజీవి వసంతకు,

పెదనాన్న ఆశీస్సులు. నల్లమలలోని ఆత్మకూరు అటవీ డివిజన్‌లో బీట్ ఆఫీసరుగా చేరావని మీ నాన్న చెప్పినప్పుడు సంతోషంతో పాటు కొంచెం అసూయ కూడా కలిగింది. నేను వదిలి వచ్చిన అడవి అది.

ఫోనులో నువ్వు పంపిన బొమ్మ చూశాను. దిక్సూచి, ఈల, చిన్న రంపం, నిప్పు పుట్టించే కడ్డీ, అన్నీ ఒకే తాడుకు అల్లిన ఆ కంకణం పదిహేను వందలా! కొనవద్దు. ఈల ఒక్కటే పనికొస్తుంది. ఆ కడ్డీ అగ్గిపుల్ల కంటే సన్నం. వేళ్లు కొంకర్లు పోయినప్పుడు దాన్ని పట్టుకోవడానికే తెల్లవారుతుంది.

నల్లమలలో చలికి ఎవరు చస్తారని నవ్వుతావేమో. నేనూ అలాగే నవ్వేవాణ్ని. 1988 శ్రావణంలో ముగ్గురం గస్తీకి వెళ్లి, పొంగిన వాగుకు అవతల చిక్కుకుపోయాం. తల నుంచి కాలి దాకా తడిశాం, పైన ఈదురుగాలి. రాతి చరియ కిందకు చేరేసరికి పళ్లు పటపటలాడుతున్నాయి. నా జేబులోని అగ్గిపెట్టె ముద్దయింది. నా తోటి గార్డు మాత్రం పుల్లలను పొగాకు సంచిలో భద్రంగా దాచాడు. పుల్లలు ఎండుగానే ఉన్నాయి, గీయడానికి పెట్టె పక్కపట్టీ లేదు. ఈ అగ్గిపుల్లల తలలో భాస్వరం ఉండదు, పెట్టె పక్కనున్న పట్టీలోనే ఉంటుంది. పట్టీ నానిందంటే వంద పుల్లలున్నా పళ్లు కుట్టుకోవడానికే. రాతికి గీసి గీసి తలలన్నీ రాలగొట్టాం.

మాతో ఉన్న చెంచు పెద్దాయన అంతా చూస్తూ కూర్చున్నాడు. చివరికి నడుముకు కట్టుకున్న వెదురు గొట్టం విప్పాడు. అందులో చెకుముకి రాయి, చిన్న ఉక్కు ముక్క, బూరుగు దూది. నాలుగు దెబ్బల్లో దూది అంటుకుంది. చరియ కింద వాన తగలని మూల నుంచి అంతకుముందే ఎండుగడ్డి ఏరి చంకలో పెట్టుకున్నాడు. దూదిని అందులో చుట్టి ఊదాడు. మేము రవ్వ కోసం వెతికిన గంటలో ఆయన రవ్వను అందుకునేదాన్ని సిద్ధం చేసుకున్నాడన్నమాట. సామాను ఎంచుకునేటప్పుడు అక్కడి నుంచి మొదలుపెట్టు.

రోజూ జేబులో ఉండాల్సింది మామూలు చక్రం లైటరు. చూడటానికి సాదాసీదాగా ఉన్నా, వణికే చేతికి దాన్ని మించింది లేదు. బొటనవేలితో తిప్పితే మంట వస్తుంది, అంతే. మీట నొక్కితే టిక్కుమనే రకం వద్దు. తేమకు అది ముందు మొరాయిస్తుంది. సన్నగా బుస్సుమంటూ నీలిమంట చిమ్మేవి కూడా చాలావరకు ఆ రకమే. పెట్రోలు లైటరు దర్జాగా ఉంటుంది కానీ, వాడినా వాడకపోయినా కొద్ది రోజుల్లో దానిలోని నూనె ఆవిరైపోతుంది. చక్రం లైటరు నీళ్లలో పడితే దులిపి, చక్రాన్ని ప్యాంటుకు అటూ ఇటూ రాచి, కాసేపు ఆరనివ్వు, మళ్లీ పనిచేస్తుంది. లోపలి గ్యాసు కనిపించేది తీసుకో. సంచిలో మీట నొక్కుకుపోయి గ్యాసంతా పోకుండా, పాత సైకిలు ట్యూబును ఉంగరంలా కోసి మీట కింద బిగించు. ఆ రబ్బరు తడిలో కూడా మండుతుంది కనుక రెండు పనులకూ పనికొస్తుంది. ఒక్క మాట, మే నెల ఎండలో లైటరును బండి డిక్కీలో వదలకు, పేలుతుంది.

సంచిలో రెండోది ఫెర్రో కడ్డీ, అంటే గీరితే నిప్పురవ్వలు రాల్చే కడ్డీ. ఇనుము, సీరియం కలిసిన ఈ మిశ్రలోహానికి ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ 1903లో పేటెంటు తీసుకున్నాడు. లైటరులో ఉండే చిన్న రాయి కూడా ఇదే. పాత చెకుముకిలో రాయి గీరితే ఉక్కు పొట్టు మండేది, ఇక్కడ ఉక్కు గీరితే కడ్డీ పొట్టే మండుతుంది. అందుకే గీరే అంచు గుండ్రంగా అరిగిపోకుండా, పదునైన మూలతో ఉండాలి. కత్తి వీపు చాలు. చిటికెన వేలంత మందం, అరచేయి వెడల్పుకు తక్కువ కాని పొడవు ఉన్నది చూసుకో. కొత్త కడ్డీ మీద నల్లపూత ఉంటుంది, ముందే గీకెయ్యి. గీసేటప్పుడు అందరూ కత్తిని ముందుకు తోసి దూది కాస్తా చెదరగొడతారు. నువ్వు కత్తిని కదలనివ్వకు, కడ్డీని వెనక్కు లాగు. చెమట తగిలితే కడ్డీ పొడిపొడిగా రాలుతుంది. వాడనన్నాళ్లూ ఒక పూత గోళ్ల రంగు వేసి ఉంచు.

అగ్గిపెట్టెలు? 2021 డిసెంబరులో రూపాయి పెట్టె రెండు రూపాయలైనా ఇంతకంటే చవకైన నిప్పు లేదు. మైనంలో ముంచిన పుల్లలతో పాటు, పెట్టె పట్టీని కూడా కోసి మూత బిగుతుగా ఉండే సీసాలో వెయ్యి. భూతద్దాల మాట ఎత్తకు. నిప్పు అవసరమైన పూట ఎండ ఉండదు.

ఇక దూది. మందుల దూదిని ఉండ చేసి, వాసెలిన్ పట్టించు. లోపల కొంత పొడి పోగు వదిలెయ్యి, రవ్వ దాన్నే పట్టుకుంటుంది. విప్పి వదులు చేసి అంటిస్తే నాలుగు నిమిషాలు మండుతుంది, తడి చితుకులు కూడా దారికొస్తాయి. తోడుగా నాలుగు కర్పూరం బిళ్లలు. లైటరు మంట చూపిస్తే చాలు, తడి ఆకు మీద పెట్టినా వెలుగుతాయి. గాలి చొరబడని డబ్బా కాకపోతే మాత్రం వర్షాకాలం వచ్చేసరికి డబ్బానే మిగులుతుంది. గుగ్గిలం దొరికితే చిన్న ముక్క దాచుకో. అగ్గి మీద వేస్తే ఏమవుతుందో సామెత చెబుతూనే ఉంది. కట్టెలు నేల మీద ఏరకు. చెట్టుకు వేలాడే ఎండుకొమ్మలను చీల్చి, లోపలి భాగం వాడు. కణుపులు చీల్చని వెదురును నిప్పులో వేస్తే తుపాకీలా పేలుతుంది, జాగ్రత్త.

ఇవన్నీ రాస్తూనే ఒక మాట ఘాటుగా చెప్పాలి. అడవికి ముప్పు తెచ్చేలా అభయారణ్యంలో నిప్పు రాజేయకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షను చెబుతుంది. దాన్ని అమలు చేయాల్సిందే నువ్వు. మాఘం నుంచి తొలకరి దాకా టేకాకు రాలి ఉన్నప్పుడు ఎంత అత్యవసరమైనా బండ మీదో, ఇసుక వాగులోనో తప్ప వెలిగించకు. ఆర్పాక నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, బూడిదను చేతి వెనుక భాగంతో తాకి చూడు. వెచ్చగా ఉంటే కదలకు. లైటరు ఉంది కదా అని టీ కాచుకోవడానికి పొయ్యి రాజేశావని నా చెవిన పడితే ఉత్తరం ఇంత మర్యాదగా ఉండదు.

ఆదివారం వాన పడుతున్నప్పుడు మీ క్వార్టర్సు వెనుక ఒకసారి ప్రయత్నించు. ఎడమ చేత్తో కూడా. మొదటిసారి రాదు, నాకు నాలుగు వానలు పట్టింది.

పార్సిలులో కడ్డీ, రెండు లైటర్లు, ట్యూబు ముక్కలు, స్టీలు డబ్బాలో కర్పూరం పంపిస్తున్నాను. విమానంలో ఎక్కడికైనా వెళ్లేటప్పుడు లైటర్లు ఇంట్లో పెట్టి వెళ్లు, తనిఖీలో తీసేసుకోవచ్చు. కర్పూరం మీ పెద్దమ్మ పూజగదిలోది. ఆవిడకు ఇంకా తెలియదు, ఫోను చేసినప్పుడు ఆ ఊసు ఎత్తకు.

ఇట్లు,
మీ పెదనాన్న