పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇంగ్లండు కాలువల మీద మూడు రోజుల పడవ

ఇంగ్లండు కాలువల మీద నారోబోటు అనే సన్నని పొడవాటి పడవను అద్దెకు తీసుకుని శని, ఆదివారాలు గడిపే పద్ధతి గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాను. దాని మీద తిరుపతి, చిత్తూరు పాఠకుల నుంచి నేను అనుకున్నదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులు రాసినవే వాటిలో ఎక్కువ. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో పనిచేస్తున్నాడు. జూన్‌లో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాము. శుక్రవారం మధ్యాహ్నం పడవ తీసుకుని సోమవారం ఉదయం అప్పగించవచ్చునని, ఆ మూడు రోజుల్లోనే స్ట్రాట్‌ఫర్డ్ పట్టణమూ, వేల్స్‌లోని ఎత్తైన నీటి వంతెనా రెండూ చూసి రావచ్చునని అంటున్నాడు. మాలో ఎవరికీ పడవ నడిపిన అనుభవం లేదు. లైసెన్సు కావాలా? ఈ పథకం సాధ్యమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: విహారానికి అద్దె పడవ నడిపేవారికి అక్కడ లైసెన్సు అక్కరలేదు. పడవకు ఉండవలసిన అనుమతి పత్రాలను అద్దెకిచ్చేవారే చూసుకుంటారు. బయలుదేరే ముందు వారి మనిషి ఒకరు పక్కన నిలబడి నడపడం నేర్పి దిగిపోతారు. ఆ తరువాత సరంగు మీరే.

పథకం మాత్రం సాధ్యం కాదు. ఇంటికి చుట్టాలు వస్తే కారు మాట్లాడుకుని ఉదయం కాణిపాకం, మధ్యాహ్నం శ్రీకాళహస్తి, సాయంత్రం తిరుచానూరు చూపించి రాత్రికి రైలెక్కించడం మనకు అలవాటు; మీ అబ్బాయి వేసిన లెక్కలో ఆ కారే కనిపిస్తున్నది. కాలువ మీద గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్ళు, అంటే ఆరు కిలోమీటర్ల పైచిలుకు. గట్టున కట్టి ఉన్న పడవలను దాటేటప్పుడు ఇంకా నెమ్మదించాలి, లేకపోతే మన పడవ లాగే నీటికి వాటి తాళ్ళు కట్టిన గట్టు మేకులు ఊడివస్తాయి. అన్నీ పోగా గంటకు 3 మైళ్ళు దక్కితే గొప్ప. తిరుపతి నుంచి చిత్తూరుకు ఉన్న సుమారు డెబ్బై కిలోమీటర్లు ఆ వేగంతో పోవాలంటే, దారిలో ఒక్క లాకు (కాలువ మట్టం మారే చోట పడవను ఎక్కించి దింపే తలుపుల తొట్టి) లేకపోయినా, రెండు పూర్తి రోజులు పడుతుంది.

అందుచేత మైళ్ళ కంటే ముందు లాకులను లెక్కపెట్టండి. అక్కడ పడవలు నడిపేవారు వేసుకునే మోటు లెక్క ఒకటి ఉంది: మైళ్ళను మూడుతో, లాకులను నాలుగుతో భాగించి రెండూ కలిపితే గంటలు వస్తాయి. పన్నెండు మైళ్ళు, ఎనిమిది లాకులు ఉన్న దారికి ఆరు గంటలన్న మాట. మీకు శుక్రవారం సాయంత్రం రెండు మూడు గంటలు, శని, ఆదివారాల్లో ఆరేసి గంటలు, మొత్తం పదిహేను గంటల ప్రయాణ సమయం మించి దొరకదు. బయలుదేరిన చోటికే తిరిగి రావాలి కనుక అందులో సగమే ముందుకు వెళ్ళడానికి. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ పొడవు 25 మైళ్ళు, దాని మీద లాకులు యాభైకి పైగా. అంటే పోవడానికే ఇరవై గంటలు దాటుతుంది. వేల్స్ నీటి వంతెనకు బర్మింగ్‌హామ్ నుంచి పడవ మీదనే పోవాలంటే దాదాపు వారం కావాలి.

ఆ వంతెన మీద మనసుంటే స్ట్రాట్‌ఫర్డ్‌ను కారుకో రైలుకో వదిలిపెట్టి, పడవను సరిహద్దు దగ్గర చర్క్, ఎల్స్‌మియర్ ప్రాంతాల్లో తీసుకోండి. అక్కడి లాంగోలెన్ కాలువ మొత్తం మీద లాకులు 21 మాత్రమే, అందులో చర్క్ నుంచి లాంగోలెన్ ఊరి వరకు ఒక్కటీ లేదు. కొత్తవారికి ఇంతకంటే అనుకూలమైన దారి నాకు తెలియదు. చర్క్ దగ్గర 1801లో కట్టిన 70 అడుగుల ఎత్తు నీటి వంతెన మీద ఇంగ్లండు దాటి వేల్స్‌లోకి అడుగుపెడతారు. వెంటనే సొరంగం, దాని తరువాత మరొక సొరంగం, ఆపైన మీరు అడిగిన పోంట్‌కసుల్తే వంతెన. థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ అనే ఇంజనీర్ల ఆధ్వర్యంలో కట్టి 1805లో తెరిచిన ఈ వంతెనను యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. డీ నది మీద 126 అడుగుల ఎత్తున, వెయ్యి అడుగుల పొడవున ఉన్న పోత ఇనుప తొట్టిలో పడవ నడుస్తుంది. ఒక పక్క నడకదారి, కమ్మీలు ఉంటాయి. రెండో పక్క ఏమీ ఉండదు. తొట్టి అంచు నీటి మీద కొద్ది అంగుళాలే లేచి ఉంటుంది కనుక, పడవలో నిలబడి చూసేవారికి కాలి పక్కనుంచి నేరుగా లోయ అడుగు కనిపిస్తుంది. ఎత్తంటే భయపడేవారు ఆ పావుగంట లోపల కూర్చుని కాఫీ తాగడం మేలు.

ప్రశ్న: లాకు అంటే ఏమిటో, దానిలో పడవ ఎలా ఎక్కుతుందో దిగుతుందో వివరంగా రాయండి. పడవ నడపడంలో జాగ్రత్తలు కూడా తెలపండి. మాతో ఎనిమిదేళ్ళ పాప ఉంటుంది.
— గృహిణి, తిరుపతి

జవాబు: గోదావరి, కృష్ణా డెల్టాల వారికి లాకులు ఇంటి ముందరి సంగతి, మన రాయలసీమ వారికే కొత్త. కాలువ ఒక మట్టం నుంచి ఇంకొక మట్టానికి మారే చోట, రెండు కొసలా తలుపులు పెట్టి కట్టిన ఇరుకైన తొట్టి అది. పైకి పోవలసిన పడవ దిగువ తలుపుల గుండా లోపలికి వస్తుంది. వెనుక తలుపులు మూసి, ఎగువ వైపు తూములను మెల్లగా ఎత్తితే నీరు నిండి పడవ దానంతట అదే లేస్తుంది. రెండు వైపులా నీరు సమానమైన తరువాత, తలుపుకు బిగించిన పొడవాటి దూలానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి నెట్టాలి. కొద్దిపాటి తేడా మిగిలి ఉన్నా ఎంతమంది నెట్టినా తలుపు కదలదు, సమానమైన క్షణాన పసిపిల్ల తోసినట్టు కదులుతుంది. కొత్తవారు ఓపిక పట్టలేక చెమటలు కక్కేది ఇక్కడే.

ఇరుకు కాలువల లాకులు సుమారు 7 అడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవు ఉంటాయి. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ఖర్చు, నీరు కలిసివచ్చేలా ఎంచుకున్న కొలత అది. పడవలు ఏడడుగులు మించకుండా సన్నగా ఉండడానికి కారణమూ అదే. ఒక ఇరుకు లాకు ఒకసారి నింపి వదిలితే సుమారు లక్ష లీటర్ల నీరు దిగువకు పోతుంది. నీటి విలువ తెలిసిన మన జిల్లాల వారికి తలుపులు, తూములు మూసి వెళ్ళమని వేరే చెప్పనక్కరలేదు.

ప్రమాదం దిగేటప్పుడు ఎక్కువ. ఎగువ తలుపుల అడుగున లాకు లోపలికి పొడుచుకు వచ్చిన రాతి గడప ఒకటి ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు అది నీటిలో మునిగి కనిపించదు. నీరు తగ్గుతున్నప్పుడు పడవ వెనుక భాగం దాని మీద చిక్కుకుంటే ముందు భాగం మాత్రం దిగిపోయి, పడవ ఏటవాలుగా వేలాడి నిమిషాల్లో మునిగిపోతుంది. గడప ఎంతవరకు ఉన్నదో చూపుతూ గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది; పడవ వెనుక కొస ఆ గీతకు ముందు ఉండేలా చూసుకుంటూ ఒకరు కళ్ళార్పకుండా నిలబడాలి. తేడా వస్తే మొదట చేయవలసిన పని దిగువ తూములు మూసివేయడం. ఆ సమయంలో ఫోటోలు వద్దు.

లాకు తూములు తిప్పడానికి విండ్‌లాస్ అనే ఇనుప పిడి ఇస్తారు. మా అమ్మాయి నార్తాంప్టన్‌లో ఉన్న రోజుల్లో మేము గ్రాండ్ యూనియన్ కాలువ మీద స్టోక్ బ్రూయర్న్ అనే ఊరి దగ్గర ఏడు లాకులు దాటుతూ వెళ్ళాము. అవి 14 అడుగుల వెడల్పువి, రెండు పడవలు పక్కపక్కనే పడతాయి. మూడో లాకు దగ్గర నేను ఆ పిడిని చేతిలో ఆడిస్తూ ఎదుటి పడవవారితో తిరుమల గురించి మాట్లాడుతూ ఉండగా, అది జారి బుడుంగుమని నీటిలో పడింది. మా దగ్గర రెండోది లేదు. ఎదుటి పడవ పెద్దమనిషి ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, తాడుకు కట్టిన పెద్ద అయస్కాంతం తెచ్చి, ఐదారుసార్లు వేసి లాగితే మొదట తుప్పు పట్టిన సైకిల్ గొలుసు, తరువాత మా పిడి వచ్చాయి. పడవ తీసుకునేటప్పుడే రెండు పిడులు అడిగి తీసుకోండి. అల్యూమినియంది అయితే అయస్కాంతం కూడా కాపాడలేదు.

ఇక నడపడం. చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ముందు భాగం ఎడమకు తిరుగుతుంది. పడవ దాదాపు తన నడుము మీద తిరుగుతుంది కనుక ముందు కొస గట్టును తప్పించుకున్నదని సంతోషించేలోగా వెనుక కొస తగులుతుంది. మోటారు తిప్పకుండా వదిలేస్తే చుక్కాని దాదాపు పని చేయదు, బ్రేకులు అసలు లేవు. ఆపాలంటే మోటారును వెనుకకు తిప్పవలసిందే. ఎదురు పడవ వస్తే మనం కుడికి జరగాలి. రోడ్డు మీద ఇంగ్లండులోనూ మనలాగే ఎడమ పక్క కనుక, చెయ్యి అలవాటు కొద్దీ ఎడమకే పోతుంది. గోడకు తగులుతున్నదని కాలో చెయ్యో అడ్డం పెట్టకండి. పదిహేను టన్నుల ఉక్కును మన కాలు ఆపలేదు.

పాప సంగతి: కాలువ చాలా చోట్ల పెద్దల నడుము లోతు మించదు, లాకులు అలా కాదు. అడిగితే లైఫ్ జాకెట్లు ఇస్తారు. పడవ పైన ఉన్నంతసేపూ, లాకు గట్టున నడిచేటప్పుడూ తొడిగించండి.

ప్రశ్న: శాకాహారులం. పడవలో వంట, నీరు, మరుగుదొడ్డి ఏర్పాట్లు ఎలా ఉంటాయి?
— బ్యాంకు ఉద్యోగిని, తిరుపతి

జవాబు: గ్యాసు పొయ్యి, ఓవెను, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి, వంటగది మన వంటింట్లో మూడో వంతు అనుకోండి. ఒకరు దోసె వేస్తుంటే ఇంకొకరు దాటిపోవాలంటే ఇద్దరూ పొట్టలు లోపలికి పీల్చుకోవాలి. మిక్సీ మీద ఆశ పెట్టుకోకండి, పడవలోని బ్యాటరీ కరెంటు చాలా పడవల్లో ఆ భారం మోయలేదు. పులిహోర పేస్టు, కందిపొడి, చెనిక్కాయల పొడి ఇంటి నుంచే తీసుకువెళితే మూడు రోజులు సుఖంగా గడుస్తాయి. తొట్టి నీరు తగ్గితే కాలువ గట్టున ఉండే కొళాయిల దగ్గర గొట్టంతో నింపుకోవాలి, దానికి అరగంట నుంచి గంట పడుతుంది. మరుగుదొడ్డి తొట్టి పెద్దదైతే మూడు రోజులకు మీరు ముట్టుకోనక్కరలేదు. క్యాసెట్ రకమైతే నిండినప్పుడు మీరే తీసి, అందుకని కట్టిన చోట పారబోసి కడగాలి. ఏ రకమో ముందే అడగండి, దాచిపెట్టే విషయమేమీ కాదు.

ఒక్క హెచ్చరిక. చలిగా ఉన్నదని గోడల కింద, పైకప్పు మీద ఉండే గాలి రంధ్రాలను గుడ్డలతో మూయకండి. గ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే పడవ అడుగున పేరుకుంటుంది. పొయ్యి, కుంపటి సరిగా మండకపోతే వాసన లేని విషవాయువు వస్తుంది. దానిని పసిగట్టే అలారం ప్రతి అద్దె పడవలోనూ ఉండాలన్నది 2019 నుంచి నియమం. ఎక్కగానే దాని మీట నొక్కి మోగుతున్నదో లేదో చూడండి.

ప్రశ్న: ఏ నెలల్లో వెళ్ళడం మంచిది?
— వ్యాపారి, మదనపల్లె

జవాబు: మే, జూన్. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేవరకు వెలుగుంటుంది, అద్దె పడవలను చీకట్లో నడపనివ్వరు కనుక ఇది ముఖ్యం. ఆగస్టులో బడి సెలవుల వల్ల రద్దీ, అద్దె రెండూ ఎక్కువ. నవంబరు నుంచి మార్చి వరకు కాలువల నిర్వహణ చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్టు లాకుల మరమ్మతులకు దారులు మూస్తూ ఉంటుంది.

ప్రశ్న: మన సూళ్ళూరుపేట, తడ వైపు ఉన్న బకింగ్‌హాం కాలువకూ ఇంగ్లండు కాలువలకూ సంబంధం ఉన్నదా?
— విద్యార్థి, తిరుపతి

జవాబు: పేరులో ఉన్నది. మద్రాసు దగ్గర 1806లో మొదలైన ఉప్పు నీటి కాలువను 1876–78 కరువులో కూలి పనుల కింద పొడిగించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పైన నేను చెప్పిన గ్రాండ్ యూనియన్ కాలువ ఆయన స్వస్థలమైన బకింగ్‌హాంషైర్ గుండా పోతుంది. అక్కడ సరుకు పడవలు పోయిన తరువాత విహార పడవలు వచ్చాయి, ఇక్కడ పూడిక వచ్చింది.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. మెల్లగా నడవగలరు గాని ఎక్కి దిగడం కష్టం. తీసుకువెళ్ళవచ్చునా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చిత్తూరు

జవాబు: తీసుకువెళ్ళండి. పడవ లోపలికి దిగే మెట్లు మూడో నాలుగో ఉంటాయి, నిటారుగా ఉంటాయి. వెనుకకు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగమనండి. పడవ పక్క అంచు మీద నడవనివ్వకండి. ముందు భాగంలో కూర్చునే అరుగు ఉన్న పడవ అడగండి, రోజంతా అక్కడ కూర్చుంటే ఆయనకు బాతులు, గొర్రెల మందలు, ఎదురు పడవల నమస్కారాలు చాలు. నడవాలనిపిస్తే ఏదైనా వంతెన దగ్గర, కాలువ ఇరుకై గట్టు అందేంత దగ్గరగా వచ్చే చోట, పడవ పూర్తిగా ఆపి చెయ్యి పట్టుకుని దింపండి. ప్రతి వంతెనకు నంబరు పలక ఉంటుంది కనుక, ఏ నంబరు వంతెన దగ్గర మళ్ళీ ఎక్కించుకుంటారో చెబితే చాలు. గుర్రాలు పడవలు లాగిన ఆ గట్టుదారి చదునుగా ఉంటుంది. దారిలో ఒక లాకు పడిందా, ఆయనే ముందు చేరి వంతెన కింద బల్ల మీద కూర్చుని మీ కోసం చూస్తూ ఉంటారు.