వేలంలో ట్రాక్టర్ అమ్మేశాను, ఆర్‌సీ ఇంకా నా పేరునే ఉంది. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. 2013లో మా నాన్న అర ఎకరం అమ్మి నా పేరున ట్రాక్టర్ కొన్నారు. ఆయన పోయాక పొలం కౌలుకిచ్చి, ట్రాక్టర్‌ను ఆన్‌లైన్ వేలం సంస్థ ద్వారా అమ్మాను. 3,85,000 రూపాయలకు పాట ఖాయమైందని మెసేజ్ వచ్చింది. కమీషన్ 7,700 కట్టాను. సంస్థ మనిషి వచ్చి ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని ట్రాక్టర్, ట్రాలీ తోలుకెళ్లాడు. లక్ష రూపాయలు వచ్చాయి. మిగతా 2,85,000 ఆర్‌సీ మారాక ఇస్తామన్నారు. పది నెలలైంది, ఫోన్ చేస్తే ‘వచ్చే నెల’ అంటున్నారు. మొన్న పక్క జిల్లా పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్: నా ట్రాక్టర్ ఇసుక లోడుతో పట్టుబడిందట. ట్రాక్టర్ దొంగలు ఎత్తుకుపోయారని ఫిర్యాదు ఇచ్చేయమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇంకా గడ్డి కట్టలు కట్టే బేలర్, దుక్కి చేసే రోటవేటర్ అమ్మాలి. మా బావమరిది చేత పాట పెంచిస్తే మంచి ధర వస్తుందంటున్నారు. ఈసారి ఏ ఆన్‌లైన్ వేలం సంస్థను నమ్మొచ్చు? (ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జవాబు: మీ నాన్నగారి కష్టం గురించి రెండు పేజీలు రాశారు. అందులో వేలం జరిగిన తేదీ లేదు, కొన్నవాడి పేరు లేదు. మీరు పంపిన కాగితాల్లో కేసును తేల్చేది ఒక్కటే కనిపించింది: బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లక్ష రూపాయలు జమైన వరుస. అక్కడ పంపినవారి పేరు దగ్గర వేలం సంస్థ పేరే ఉంది. వేరే మనిషి పేరు లేదు.

దీని విలువ చెబుతాను. మీరు నోటీసు ఇవ్వగానే ఆ సంస్థ చెప్పే మొదటి మాట, ‘మేం కేవలం వేదిక మాత్రమే. అమ్మినవాడు ఆయన, కొన్నవాడు ఇంకొకరు, మధ్యలో మాకేం సంబంధం?’ అని. ప్రకటన చూపించి వదిలేసే సంస్థ అయితే ఆ వాదన నిలుస్తుంది. కానీ మీ ఇంటికి మనిషిని పంపి, ఫారాల మీద సంతకాలు తీసుకుని, బండిని తన చేతుల్లోకి తీసుకుని, డబ్బు తన ఖాతా నుంచి పంపి, కమీషన్ పుచ్చుకున్న సంస్థ ఆ మాట అనడం కష్టం. మీ తరఫున అమ్మిన ఏజెంటు అయితే, అడిగినప్పుడు లెక్క చెప్పాలి, మీ పేరున వసూలైన డబ్బు మీకు అప్పగించాలి. కాంట్రాక్టు చట్టం 213, 218 సెక్షన్లు ఇదే చెబుతాయి. ‘కాదు, కొన్నవాడి తరఫున డబ్బు పంపాం’ అంటారా? తాను ఎవరి తరఫున పనిచేస్తున్నాడో ఆ వ్యక్తి పేరు బయటపెట్టని ఏజెంటు, ఒప్పందంలో మరోలా లేకపోతే, తానే బాధ్యుడని 230వ సెక్షన్ భావన. కొన్నవాడి పేరు మీకు ఈరోజుకీ చెప్పలేదు. ఎటు తిరిగినా వాళ్లు జవాబు చెప్పుకోవాలి.

కాబట్టి ఈ రోజే బ్యాంకుకు వెళ్లి, ఆ లావాదేవీ రిఫరెన్స్ నంబరుతో సహా, బ్యాంకు ముద్ర, సంతకం ఉన్న స్టేట్‌మెంట్ తీసుకోండి. కమీషన్ 7,700 కట్టిన వరుస కూడా అందులో ఉండాలి. దానికి జీఎస్‌టీ బిల్లు ఇచ్చి ఉంటే మరీ మంచిది, సంస్థ అసలు పేరు, చిరునామా అందులోనే దొరుకుతాయి.

ఇక మందలించక తప్పని సంగతి. బండిని కొన్నవాడి పేరుకు మార్చే ఫారం 29, 30ల మీద కొన్నవాడి పేరు రాయకుండా, తేదీ వేయకుండా సంతకం పెట్టి ఇచ్చారు. బండిని తీసుకున్నట్టు ఇచ్చిన చీటీ ‘ఎక్కడో పోయింది’ అని రాశారు. నాలుగు లక్షల వస్తువు ఇస్తూ చేతిలో ఒక్క కాగితం ఉంచుకోలేదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాల్సింది అమ్మినవాళ్లు, అంటే మీరు. కొన్నవాడికి 30 రోజుల గడువు. అతను తన పని చేయకపోయినా మీ పని మీరు చేసి ఉంటే ఈరోజు స్టేషన్‌లో చూపించడానికి ఒక ఎక్‌నాలెడ్జ్‌మెంట్ ఉండేది.

పట్టుబడింది ఇసుక కాబట్టి ఇంతటితో ఉంది. అదే ట్రాక్టర్ ఎవరినైనా గుద్ది ఉంటే? నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి నాలుగు చేతులు మారినా, ప్రమాదం నాటికి ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో యజమాని అతనే, పరిహారం బాధ్యత అతనిదే. ఇన్సూరెన్స్ కూడా అయిపోయి ఉంటే ఆ సొమ్ము మీ పొలం మీదికి వస్తుంది. మీ పాలసీ ఎప్పటిదాకా ఉందో ఉత్తరంలో రాయలేదు, ముందు అది చూసుకోండి. ట్రాలీకి విడిగా ఆర్‌సీ ఉంటుంది. అది ఎవరి పేరున ఉందో కూడా చూడండి, ఇసుక ఉన్నది ట్రాలీలోనే.

దొంగతనం ఫిర్యాదు మాట మళ్లీ నోట రానివ్వకండి. పోయిందన్న ట్రాక్టర్‌కు లక్ష రూపాయలు మీ ఖాతాలో ఎలా పడ్డాయని ఎస్‌ఐ అడిగే మొదటి ప్రశ్నకే మీరు ఆగిపోతారు. మీ ఫోన్‌లో ‘బండి పంపించాను, మిగతా డబ్బు ఎప్పుడు’ అన్న మెసేజ్‌లు ఉన్నాయి. పోలీసులకు అబద్ధపు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం. ఒకరిని ఇరికించడానికి తప్పుడు ఆరోపణ చేస్తే 248. ఈరోజు మీరు మోసపోయిన మనిషి. ఆ ఫిర్యాదు మీద సంతకం పెడితే మీరే ముద్దాయి. పాత తేదీ స్టాంపు పేపర్ తెచ్చి అమ్మకం ఒప్పందం రాసుకుందామన్నా ఇదే జవాబు.

ఇంకో ఆశ కూడా చూపిస్తారు. ‘ఆర్‌సీ మీదే కదా, వచ్చి పిటిషన్ వేసి బండి విడిపించుకుపోండి’ అంటారు. బండి ఇంటికి వస్తుంది కదా అని వెళ్లకండి. ‘ఇది నా బండి’ అని కోర్టులో ప్రమాణ పత్రం వేశాక, ‘నేను అమ్మేశాను, 2,85,000 ఇప్పించండి’ అని ఇంకో చోట అడగలేరు. పైగా ఇసుక కేసులో యజమానిగా మీరే నిలబడతారు.

స్టేషన్‌కు మాత్రం వెళ్లాలి, తప్పించుకోకూడదు. న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి: ఫలానా తేదీన ఫలానా సంస్థ ద్వారా వేలంలో అమ్మాను, ఫలానా రోజు బండి అప్పగించాను, ఇంత సొమ్ము వచ్చింది, ఇంత రావాలి. బ్యాంకు స్టేట్‌మెంట్, పాట ఖాయమైన మెసేజ్ జతచేయండి. కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. బండి నడుపుతూ దొరికినవాడి పేరు పోలీసుల దగ్గర ఉంటుంది. పది నెలలుగా మీకు తెలియని పేరు తెలుసుకునే దారి అదే. అదే రోజు మీ రవాణా శాఖ కార్యాలయానికి బండి అమ్మిన వివరాలతో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఆలస్యానికి కొంత జరిమానా పడవచ్చు, కట్టేయండి.

తర్వాత సంస్థకు లాయర్ నోటీసు. అందులో డబ్బు అడగడంతో సరిపెట్టకండి. కొన్నవాడి పేరు, చిరునామా ఏమిటి, అతను మీకు ఎంత కట్టాడు, నేను సంతకం పెట్టిన ఫారాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి అని లెక్క అడగండి. కొన్నవాడు మొత్తం కట్టేసి ఉంటే, ఆ డబ్బు వాళ్ల దగ్గరే ఆగిపోయిందని తేలితే, నమ్మక ద్రోహం కింద క్రిమినల్ ఫిర్యాదుకూ దారి ఉంది. అది తేలకముందే కేసు పెడతామని బెదిరించకండి.

గడువుల సంగతి జాగ్రత్తగా వినండి. ఇచ్చిన సరుకు ధర రాబట్టుకునే సివిల్ దావాకు, బండి అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు. ఏజెంటు మీద లెక్క కోసం వేసే దావాకూ మూడేళ్లే, అడిగితే కాదన్న రోజు నుంచి. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం రెండేళ్లు. ఈ రెండేళ్లనే మీరు లెక్కలోకి తీసుకోండి, అందులో పది నెలలు ఇప్పటికే పోయాయి. ఫోన్‌లో ‘వచ్చే నెల’ అన్న మాట గడువును ఒక్క రోజు కూడా పెంచదు. బాకీ ఉందని రాసి సంతకం చేసి ఇస్తేనే కొత్త గడువు మొదలవుతుంది, అదీ పాత గడువు ముగియకముందు. వాళ్లు చెక్కు ఇస్తామంటే తీసుకోండి. అది బౌన్స్ అయితే బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజులు ఆగి, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఇందులో ఏ ఒక్కటి దాటినా ఆ చెక్కు మీద క్రిమినల్ కేసు చేజారే ప్రమాదం ఉంది.

నా సలహా నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్. కమీషన్ కట్టి సేవ పొందారు కాబట్టి మీరు వినియోగదారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉన్న చోటే వేసుకోవచ్చు. మీరు సేవకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షలలోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. ‘షరతుల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంది, వివాదం మా నగరంలోనే తేల్చుకోవాలి’ అంటారు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి వెళ్లకుండా ఆపలేరని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ‘ట్రాక్టర్ వ్యాపారం కోసం’ అని కూడా వాదిస్తారు. సొంత పొలంలో దున్నుకున్న ట్రాక్టరని పట్టాదారు పాసుపుస్తకంతో చూపించండి.

సాక్ష్యానికి మీ ఫోనే ప్రాణం. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి, వాట్సాప్ చాట్ తుడిచేయకండి. యాప్‌లో మీ వేలం పేజీ ఎప్పుడైనా మాయం కావచ్చు. ఈ రాత్రే తేదీ, లాట్ నంబరు, చివరి పాట కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాళ్ల షరతుల పేజీ కూడా దాచుకోండి, రేపు మార్చేస్తారు. వీటిని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అది లేని స్క్రీన్‌షాట్‌ను అవతలి లాయర్ మొదటి వాయిదాలోనే పక్కన పెట్టించే ప్రయత్నం చేస్తాడు.

ఇప్పుడు బేలర్, రోటవేటర్. ఏ సంస్థ అని పేరు అడిగారు. పేరు చూసి ఎంచుకోవద్దు. ఆ సంస్థ మీకూ కొన్నవాడికీ మధ్య ఏ పాత్రలో నిలబడుతుందో ముందే రాతలో తేల్చుకోండి. ప్రకటన మాత్రమే పెట్టేదైతే డబ్బు, అప్పగింత మీ పూచీ, కమీషన్ కూడా తక్కువ ఉండాలి. మీ తరఫున అమ్మిపెట్టేదైతే, పూర్తి సొమ్ము మీ ఖాతాలో పడ్డాకే యంత్రం గేటు దాటుతుందన్న షరతు ఒప్పందంలో కనిపించాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోని సంస్థకు యంత్రం ఇవ్వకండి. తానే కొని మళ్లీ అమ్మే డీలరైతే ఇంకా సులువు. రిజిస్టర్డ్ వాహనాల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రవాణా శాఖ గుర్తింపు పొందిన డీలర్‌కు బండి ఇస్తూ ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అప్పటి నుంచి బాధ్యత డీలర్‌ది అవుతుంది. మీ ట్రాక్టర్‌కు ఇదే జరిగి ఉంటే ఆ స్టేషన్ ఫోన్ డీలర్‌కు వెళ్లేది.

సంస్థ వెబ్‌సైట్‌లో అసలు కంపెనీ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు ఉన్నాయా చూడండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అవి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఈ వివరాలు లేకుండా ఒక్క మొబైల్ నంబరే ఉంటే అక్కడితో ఆగిపోండి.

బావమరిది చేత పాట పెంచించడం వద్దు. అమ్మేవాళ్లకు పాడే హక్కు ఉందని ముందే ప్రకటించకుండా మనిషిని పెట్టి పాడిస్తే, సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు దాన్ని మోసంగా భావించి అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఎవరు ఏ నంబరు నుంచి పాడారో రికార్డు ఉంటుంది. ధర పడిపోతుందన్న భయం ఉంటే రిజర్వ్ ధర పెట్టండి, అది చట్టబద్ధం. ఆ ధర దాటకపోతే అమ్మక్కర్లేదని, యంత్రాన్ని వాళ్ల యార్డులో ఉంచితే అద్దె ఎవరు కట్టాలో కూడా రాయించుకోండి.

బేలర్‌కు, రోటవేటర్‌కు ఆర్‌సీ ఉండదు కాబట్టి కొన్న బిల్లే మీ హక్కు పత్రం. బేలర్ మీద రేకు ప్లేటు ఉంటుంది, దాని మట్టి తుడిచి సీరియల్ నంబరు చదవగలిగేలా ఫోటో తీయండి, బిల్లులో నంబరుతో సరిచూడండి. ముడి వేసే భాగం అరిగి ఉంటే, తాడు తెగుతుంటే ప్రకటనలోనే రాయండి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు మీరు కావాలని చెప్పిన అబద్ధాన్ని కాపాడదు. సబ్సిడీలో తీసుకున్న యంత్రమైతే, ఫలానా కాలం అమ్మకూడదని మీరు సంతకం పెట్టిన హామీ ఉందేమో వ్యవసాయ శాఖలో అడగండి. బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా వేలానికి పెట్టకండి, అది తాకట్టు సొత్తు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పుచ్చుకున్నవారి మీద పడుతుంది.

ముందు స్టేషన్, రవాణా శాఖ ఉత్తరం, ఆ వారంలోనే లాయర్ నోటీసు. నోటీసులో 15 రోజులు గడువివ్వండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో కొన్నవాడి పేరు లేకపోయినా, ఇంకో నెల ఎదురుచూడకుండా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. పోలీసుల దగ్గర కొన్నవాడి పేరు దొరికితే అతన్నీ ప్రతివాదిగా చేర్చండి. బేలర్ వేలం ఈ పనులయ్యాకే పెట్టుకోండి.