ట్యూబు అడుగున మిగిలిన లెక్క

చి. అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

పీఎల్‌జీఏ అనే పాలిమర్ గుళికల్లో పెట్టిన నీ ప్రోటీన్ మందు రోజురోజుకీ ఎంత బయటికి వస్తోందో చూపే రిలీజ్ గ్రాఫ్ పంపావు కదా, నిన్న రాత్రి రెండుసార్లు చూశాను. మొదటి రోజే 45 శాతం ప్రోటీన్ బయటికి వచ్చేసింది. వారానికి 52 దగ్గర ఆగి, నెలాఖరు దాకా గీత అలాగే పడుకుంది. "పాలిమర్ మార్చాలంటోంది, ఒకటే టెన్షన్" అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొత్త పాలిమర్‌కి ఇప్పుడే ఆర్డర్ పెట్టకమ్మా. ట్యూబు అడుగున మిగిలిన మైక్రోస్ఫియర్లు, అదే ఆ గుళికలు, మాత్రం పారేయకు.

మిగతా 48 శాతం ఎక్కడుందో ముందు తేలాలి. ఆ గుళికల్ని అసిటోన్‌లో వెయ్యి. పాలిమర్ కరిగిపోతుంది, ప్రోటీన్ అడుగుకి దిగుతుంది. సెంట్రిఫ్యూజ్ చేసి, అసిటోన్ తీసేసి, ఆరాక ఆ అడుగుని బఫర్‌లో కలుపు. అందులో కరగనిదాన్ని 6 మోలార్ యూరియాలో వేసి చూడు. అప్పుడు కరిగితే అణువులు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కున్నాయి. యూరియాకీ లొంగక, డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాల్ని తెంచే డీటీటీ కలిపితేనే కరిగితే, ఆ బంధాలు ఒక అణువుకీ ఇంకో అణువుకీ మధ్య పడ్డాయన్నమాట. తాజా ప్రోటీన్‌ని కూడా ఇదే దారిలో నడిపించు. లేకపోతే అసిటోన్ చేసిన నష్టాన్ని పాలిమర్ మీద వేస్తావు.

ప్రోటీన్ నీళ్లని పాలిమర్ కరిగిన డైక్లోరోమీథేన్‌లో సన్నటి బొట్లుగా చెదరగొడతావే, ఆ మొదటి ఎమల్షన్‌లోనే నీ ప్రోటీన్ దెబ్బతిందని నా అనుమానం. నీళ్లూ డైక్లోరోమీథేనూ కలిసే అంచు దగ్గర ప్రోటీన్ విప్పుకుంటుంది. శబ్ద తరంగాలతో చెదరగొట్టే ప్రోబ్ సోనికేటర్ ఆ అంచుని కొన్ని వేల రెట్లు పెంచుతుంది. పాలిమర్ లేకుండా ప్రోటీన్ ద్రావణాన్నీ డైక్లోరోమీథేన్‌నీ అంతే సేపు సోనికేట్ చేసి, పైనున్న నీటిలో ఎంత మిగిలిందో కొలిచి చూడు. ఒక పూట పని.

ఈ పని నేను చేయలేదు. ఎనిమిది నెలలు బీఎస్ఏ అనే ఆవు రక్తపు ప్రోటీన్‌తో ప్రయోగాలు చేసి, చక్కటి గ్రాఫులు గీసుకున్నాను. బీఎస్ఏ తనే ఆ అంచుని కప్పేసి మిగతాదాన్ని కాపాడుకోగలదు. అసలు మందు ప్రోటీన్ పెట్టిన రోజున సగం కూడా బతకలేదు. అందుకే నీకింత గట్టిగా చెబుతున్నాను.

ల్యూప్రోలైడ్ మందుని ఇలాంటి గుళికల్లోనే పెట్టి, 1989లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్న ల్యూప్రాన్ డిపో నెలకో ఇంజెక్షన్‌గా బాగా నిలబడింది. అయితే ల్యూప్రోలైడ్‌లో ఉన్నవి తొమ్మిది అమైనో ఆమ్లాలే. దాన్ని చూసి ప్రోటీన్‌తో ధైర్యం చేయకూడదు. గ్రోత్ హార్మోన్‌కి 191. దాన్ని పీఎల్‌జీఏలో పెట్టడానికి న్యూట్రోపిన్ డిపో తయారుచేసినవాళ్లు అసలు ఎమల్షన్ జోలికే పోలేదు. హార్మోన్‌ని జింక్‌తో కట్టి, ఎండబెట్టి, ఆ పొడిని పాలిమర్ ద్రావణంలో కలిపి ద్రవ నైట్రోజన్ చలిలోకి స్ప్రే చేశారు. పొడిగా, గడ్డకట్టి ఉన్న ప్రోటీన్ కదలలేదు, విప్పుకోలేదు. దానికి 1999లో అనుమతి వచ్చింది. తయారీ భారం మోయలేక 2004లో అమ్మకం ఆపేశారు. మందు ఆగిపోయినా, ప్రోటీన్‌ని పొడిగా ఉంచి పెట్టొచ్చన్న దారి మాత్రం మనకు మిగిలింది. సోనికేషన్‌లోనే నష్టం కనబడితే నువ్వూ ఆ దారి పట్టు.

పరీక్షలో ఎమల్షన్ తప్పు లేదని తేలితే ఆమ్లం వైపు చూడు. పీఎల్‌జీఏ కరుగుతూ లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు వదులుతుంది. బయట నీ బఫర్ 7.4 చూపిస్తున్నా గుళిక లోపల పీహెచ్ 3 దాకా పడిపోవచ్చు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కాస్త కలిపితే ఆ పులుపు విరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త ష్వెండెమన్ బృందం 2000లో చూపించింది. 3 శాతంతో మొదలుపెట్టి చూడు.

మొదటి రోజు పొంగు వేరే సంగతి. బొట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా పీవీఏ కలిపిన బయటి నీళ్లలో సోడియం క్లోరైడ్ కూడా కలుపు. లోపలి బొట్ల ఉప్పుకి బయటి నీళ్లు లోపలికి గుంజుకుని గుళికకి సొరంగాలు పడకుండా ఉంటుంది. గట్టిపడ్డాక బాగా కడుగు.

ఇంకో చిన్న మాట. పీఎల్‌జీఏ సీసాని ఫ్రీజర్ నుంచి తీయగానే మూత తెరవకు. హైదరాబాద్ వర్షాకాలం గాలికి లోపల చెమట పట్టేస్తుంది, ఆ తేమకి పాలిమర్ సీసాలోనే తెగిపోతూ ఉంటుంది. గది వేడికి వచ్చాకే తెరువు. ఒట్టి ప్రోటీన్‌ని కూడా అదే బఫర్‌లో, అదే రకం ట్యూబులో, 37 డిగ్రీల దగ్గర నెలంతా పెట్టు. అది కూడా తగ్గిపోతే తప్పు గుళికలది కాదు, నీ ట్యూబుది. అప్పుడు ప్రోటీన్ ట్యూబు గోడకి అంటకుండా చూసే ట్వీన్ 80ని 0.02 శాతం కలిపి మళ్లీ చూడాలి.

దసరాకి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తీసుకురా. యూరియాలో ఎంత కరిగిందో, డీటీటీలో ఎంత కరిగిందో ఆ రెండు అంకెలూ ముందు ఫోన్‌లో చెప్పు, ఎదురుచూస్తుంటాను.

మీ మామయ్య