కన్వర్టర్ మార్చినా లైటు ఆరలేదు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది కాకినాడ. 2014 మోడల్ పెట్రోల్ కారు ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే విశాఖపట్నంలో ఒక గ్యారేజీకి ఇచ్చాను. స్కానర్ పెట్టి పీ0420 కోడ్ చూపిస్తోందని, క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని చెప్పి కొత్తది వేశారు. యూపీఐలో 46,000 రూపాయలు కట్టాను. ఎస్టిమేట్ చీటీ తప్ప బిల్లు ఇవ్వలేదు, పాత కన్వర్టరూ ఇవ్వలేదు. మూడు వారాలకే మళ్లీ అదే లైటు, అదే కోడ్. అడిగితే ఇంజిన్ పని చేయించాలంటున్నారు. మా ఊరి మెకానిక్ మాత్రం సైలెన్సర్ పైపు జాయింట్ దగ్గర లీకు ఉందన్నాడు. కేసు వేయవచ్చా?

సమాధానం: వేయవచ్చు. అయితే లైటు మళ్లీ వెలిగిందన్న ఒక్క కారణం సరిపోదు. కన్వర్టర్ విప్పే ముందు వాళ్లు ఏమేం పరీక్షించారన్నదే మీ కేసుకు ఆయువుపట్టు.

ఇంజిన్ పొగలోని హానికర వాయువులను తగ్గించేది కన్వర్టర్. దాని పనితనం తగ్గినట్టు కారు కంప్యూటర్‌కు కనిపిస్తే పీ0420 వస్తుంది. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. మామూలు రకం సెన్సార్లయితే ముందుది దాదాపు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఎగిరి పడుతుంటుంది, వెనకది నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలా ఊగుతుంటే ఈ కోడ్ పడుతుంది. కానీ జాయింట్‌లో లీకుండి బయటి గాలి లోపలికి చేరినా, వెనక సెన్సార్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు. ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతుంటే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోతే, ఆ కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కరిగించేస్తుంది. ఆ లోపం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. పని తెలిసిన మెకానిక్ స్కానర్‌లో రెండు సెన్సార్ల గ్రాఫ్, పీ0300 వరుస మిస్‌ఫైర్ కోడ్‌లు, పైపు లీకులు చూసుకున్నాకే కన్వర్టర్ జోలికి వెళతాడు. ఇవేవీ చూడకుండా కోడ్ చదివి సామాను మార్చేయడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపమే అని వాదించవచ్చు.

నిరూపించాల్సిన భారం మాత్రం మీదే. 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి దయచేసి ఇప్పుడే ఎవరితోనూ కోడ్ చెరిపించవద్దు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, ఆర్‌పీఎం ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అదీ పోతుంది. ముందు దాని ఫొటో తీయండి, లీకు దగ్గర వీడియో తీయండి, వేరే సర్వీస్ సెంటర్‌లో చూపించి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఆ తర్వాతే లీకు బాగు చేయించండి. చెరిపిన రోజు లైటు ఆరిపోవడం రుజువు కాదు. కంప్యూటర్ తన పరీక్ష పూర్తి చేసుకోవడానికి కొన్ని రోజులు బండి నడవాలి. ఆ పరీక్ష పూర్తయ్యాక కూడా కోడ్ రాకపోతే లీకే కారణమన్న మీ మాటకు బలం వస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. పాత కన్వర్టర్ నిజంగానే పోయి ఉండి, కొత్తది బిగించేటప్పుడు వాళ్లే జాయింట్ సరిగా బిగించలేదనుకోండి. అప్పుడు మీకు రావాల్సింది లీకు బాగుచేయించిన ఖర్చు, పడిన ఇబ్బందికి పరిహారం మాత్రమే, 46,000 కాదు. అందుకే పాత కన్వర్టర్ కావాలి. కొత్తదానికి బదులుగా పాతది ఇచ్చేస్తామని ముందే ఒప్పుకోకపోతే అది మీ ఆస్తి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి తుక్కుగా కూడా మంచి ధర పలుకుతుంది. లోపలి జల్లెడ కరిగి ముక్కలై ఉంటే గ్యారేజీ మాటే నిజమని తేలవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. జల్లెడ చెక్కుచెదరకుండా ఉన్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద ల్యాబ్‌కు పంపమని, కేసు విచారించే వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

కొత్త కన్వర్టరే నాసిరకమైనా కోడ్ తిరిగి వస్తుంది. అందుకని ఫిర్యాదులో సేవాలోపం అని, కాదంటే లోపమున్న వస్తువు అమ్మారని, రెండూ రాయండి. బిల్లు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐ రికార్డు, చీటీ, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్త చేయండి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. పార్టు నంబరు, కొన్న ఇన్వాయిస్, స్కాన్ రిపోర్టు, పాత సామాను అడగండి. బదులు రాకపోతే కాకినాడలోనే వేయవచ్చు. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌కు వెళ్లే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది, విశాఖ తిరగక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసినా మంచిదే.

కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు పెడితే లైటు గొడవ ఉండదని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.