రన్ చూసే ముందే రూల్ రాసుకో, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మహబూబ్‌నగర్‌లో మీ దోస్తులంతా కలిసి సూపర్ మారియో ఆటను ఎవరు అందరికన్నా తక్కువ టైమ్‌లో ముగిస్తారో చూసే స్పీడ్‌రన్ పోటీ పెడుతున్నారని, వచ్చిన వీడియోలు చూసి ఓకే చేసే పని నీ మీద పడిందని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నల్లగొండ గడియారం సెంటర్‌లో గేమ్ పార్లర్ నడిపినప్పటి నుంచి ఇలాంటి పంచాయితీలు చాలా చూశాను కాబట్టి రాస్తున్నా.

దొంగాట ఆడేవాళ్ల వల్ల వచ్చే గొడవలు తక్కువ, రాయని రూల్ వల్ల వచ్చేవే ఎక్కువ. మా పార్లర్‌లో ఇద్దరు పిల్లలు చొక్కాలు పట్టుకున్నారు. ఒకడు చివరి లెవెల్ 8-4లో ఆఖరున ఉండే గొడ్డలి తాకగానే టైమ్ ఆపాడు, ఇంకొకడు యువరాణి దగ్గర అక్షరాలు పడేదాకా లెక్కపెట్టాడు. ఇద్దరూ నిజాయితీగానే ఆడారు. అందుకే మొదటి వీడియో రాకముందే రాసి పెట్టు: మొదటి లెవెల్ 1-1లో టైమర్ 400 కనిపించిన మొదటి ఫ్రేమ్ (వీడియోలోని ఒక్కో బొమ్మ) దగ్గర మొదలు, గొడ్డలి తాకిన ఫ్రేమ్ దగ్గర ఆఖరు. నీ రూల్ చదివి ఇద్దరు వేర్వేరుగా చూసినా ఒకే టైమ్ రావాలి. రాలేదంటే రూల్‌ను మళ్లీ రాయాల్సిందే.

స్టాప్‌వాచ్ పట్టుకొని కూర్చోకు, వేలు ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియో ఆపి కామా, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకూ జరుగుతుంది. అట్లా లెక్కపెట్టు. సెకనుకు 30 ఫ్రేములతో తీసిన వీడియోలో ఒక్క ఫ్రేమ్ అంటే దాదాపు 33 మిల్లీసెకన్లు. అంతకన్నా చిన్న తేడాను ఆ వీడియో చూపించలేదు. కాబట్టి ఒక ఫ్రేమ్ లోపు తేడా ఉంటే ఇద్దరికీ ఒకే ర్యాంకు అని రాయి. ఇంకో సంగతి, ఈ ఆటలో లెవెల్ అయిపోయాక తర్వాతి లెవెల్‌కు మారడం 21 ఫ్రేములకోసారే జరుగుతుంది. అందుకే ఒకడు కాస్త ముందు, ఇంకొకడు కాస్త వెనక చేరినా తర్వాతి లెవెల్ ఒకే క్షణానికి మొదలవ్వొచ్చు. అది చూసి కాపీ కొట్టారని అనుమానపడకు.

ఆట ఆడే మిషన్ సంగతీ తేల్చుకో. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) వెర్షన్ సెకనుకు సుమారు 60 ఫ్రేములతో, పాల్ (యూరప్ టీవీ పద్ధతి) వెర్షన్ 50తో నడుస్తాయి. రెంటినీ ఒకే పట్టికలో కలపకు. ఎమ్యులేటర్‌కు (పాత ఆటను కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఆడించే ప్రోగ్రాముకు) ఒప్పుకుంటే సేవ్ స్టేట్ (ఆటను మధ్యలో దాచుకొని అక్కడి నుంచే మళ్లీ ఆడడం), రివైండ్, స్పీడ్ పెంచడం నిషేధమని స్పష్టంగా రాయి.

ఇక రుజువు. ఇక్కడే పెద్దవాళ్లు తప్పు చేస్తారు, అందరినీ ఒకే తక్కెడలో తూచాలనుకుంటారు. అచ్చంపేట పిల్లవాడి దగ్గర స్క్రీన్‌ను నేరుగా రికార్డు చేసే క్యాప్చర్ కార్డు ఉండదు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనే ఉంటుంది. కింది ర్యాంకులకు ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి, మధ్యలో కట్ లేకుండా, సౌండ్‌తో తీసిన వీడియో చాలు. మొదటి మూడు స్థానాలకు మాత్రం చేతులు కూడా కనిపించాలని రాయి. సౌండ్ ఎందుకంటే, బొమ్మను అతికించినంత తేలిగ్గా పాటను అతికించలేరు. మ్యూజిక్ ఎక్కడైనా ఎగిరితే అక్కడ ఆగి స్కోరు, కాయిన్లు సరిగ్గా కొనసాగుతున్నాయో లేదో చూడు.

ఆటగాడి పేరు చూసి నమ్మొద్దు. అటారీ ఆట డ్రాగ్‌స్టర్‌లో 1982 నాటి 5.51 సెకన్ల రికార్డు దశాబ్దాల పాటు నిలబడింది. ఆట ప్రోగ్రామును విప్పి పరిశీలిస్తే 5.57 కన్నా తగ్గే దారి దొరకలేదు. చివరికి 2018 జనవరిలో, వీడియో గేమ్ రికార్డులు నమోదు చేసే ట్విన్ గెలాక్సీస్ సంస్థ దాన్ని తీసేసింది. పేరున్నవాడు, పాత రికార్డు అని వదిలేస్తే అన్నేళ్లు వెనకపడేది నిజంగా ఆడినవాళ్లే.

తిరస్కరించేటప్పుడు "డౌట్‌గా ఉంది" అని మాత్రం రాయకు బిడ్డా. ఏ రూల్, వీడియోలో ఏ నిమిషం, ఏం కనిపించిందో రాయి. అవతలివాడు జవాబు చెప్పడానికి వారం గడువివ్వు, రెండోసారి వేరేవాళ్లతో చూపించు. పోటీ మధ్యలో రూల్ మార్చాల్సి వస్తే తేదీ వేసి మార్చు, అంతకుముందు వచ్చిన రన్‌లకు పాత రూలే వర్తించాలి.

నీ సొంత రన్, నీ రూమ్మేట్ల రన్ నువ్వు చూడకు. వాటిని ఇంకో కాలేజీ వాళ్లకు ఇవ్వు. రూల్స్ రాశాక నాకు వాట్సాప్‌లో పంపు, ఆదివారం కూర్చొని చదువుతా.

మీ మామ,
నల్లగొండ